పైసలు రావడానికి పిన్ అక్కర్లేదు: ఫోన్ మోసాల గురించి ఇంటిల్లిపాదీ చదవాల్సిన సమాచారం

మన బడి పిల్లవాడి ఇంట్లో పోయిన ఏడాది జరిగిన సంగతి ఇది. "పేరు వేయకుండా రాయండి, ఇంకొకరికి జరగొద్దు" అని ఆ ఇంటివాళ్లే అన్నారు కాబట్టి ఇక్కడ పెడుతున్నాం.

అబ్బాయి ఎనిమిదో తరగతి. నాయనమ్మ బీడీలు చేస్తుంది. ఒక ఆదివారం ఆమె ఫోన్‌కు కాల్ వచ్చింది. అవతలి మనిషి శుభ్రంగా తెలుగులో మాట్లాడాడు. "అవ్వా, బీడీ కార్మికుల పిల్లల స్కాలర్‌షిప్ మంజూరైంది. మీ మనవడి పేరు లిస్టులో ఉంది" అన్నాడు. పిల్లవాడి పేరు, తరగతి, బడి పేరు కూడా తప్పు లేకుండా చెప్పాడు. నాయనమ్మకు చదవరాదు. ఫోన్ మనవడి చేతికిచ్చింది. వాట్సాప్‌లో ఒక లింకు వచ్చింది. నొక్కితే పైసలు పంపే యాప్ తెరుచుకుంది, 3,000 అని అంకె కనిపించింది. "పిన్ కొట్టు బాబూ, జమ అవుతాయి" అన్నాడు. కొట్టాడు. "సర్వర్ ప్రాబ్లం, ఇంకోసారి" అన్నాడు. మళ్లీ కొట్టాడు. మూడోసారి కూడా. 9,000 రూపాయలు పోయాయి.

పిల్లవాడికి సంగతి అర్థమైంది. కానీ బాపు కొడతాడని భయపడి రెండు రోజులు నోరు విప్పలేదు. మూడో రోజు కిరాణా కొట్టులో నాయనమ్మ ఫోన్‌తో పైసలు ఇయ్యబోతే ఖాతాలో లేవని తెలిసింది. అప్పుడు బ్యాంకుకు ఉరికారు, పోలీస్ స్టేషన్‌కు ఉరికారు. అప్పటికి ఆ పైసలు నాలుగు చేతులు మారి ఏటీఎంలోంచి బయటికి వెళ్లిపోయాయి.

ఆ ఇంటికి జరిగిన పెద్ద నష్టం మూడుసార్లు పిన్ కొట్టడం కాదు. ఆ రెండు రోజులు. ఎందుకో కింద చెప్తాం.

తెలుగు బడిలో ఇది ప్రత్యేకంగా ఎందుకు చెప్పాలంటే, షోలాపూర్‌లో మన ఇళ్లలో మాట తెలుగు, ఊరి మాట మరాఠీ, బ్యాంకు మెసేజ్ ఇంగ్లీషు, భయపెట్టే కాల్ హిందీ. ఇంట్లో ఈ నాలుగూ చదవగలిగేది చాలాసార్లు పదమూడేళ్ల పిల్లవాడే. పెద్దవాళ్ల ఫోన్లలో పిన్ కొట్టేదీ వాడే. అందుకని ఇది తల్లిదండ్రులతో పాటు పిల్లలూ చదవాలి. చదవరాని పెద్దలకు పక్కన కూర్చుని చదివి వినిపించాలి. ఇంకో మాట: ఫోన్‌లో తెలుగు వినపడగానే "మనోడే" అనుకోవడం మనకు అలవాటు. మోసగాళ్లకు ఆ అలవాటు తెలుసు.

ఇచ్చేది ఏది, పుచ్చుకునేది ఏది

బ్యాంకులో పైసలు తీసుకునే కాగితం మీద మీ సంతకం ఉండాలి. అదే మీ ఖాతాలో ఎవరైనా పైసలు కట్టాలంటే మీ సంతకం అక్కర్లేదు, మీరు ఊళ్లో ఉండనే అక్కర్లేదు. ఖాతా నంబరు తెలిస్తే చాలు. ఫోన్‌లో కూడా లెక్క అంతే. యూపీఐ పిన్ అంటే పైసలు తీసుకునే కాగితం మీద సంతకం. మీ ఖాతాలోంచి పైసలు పోవడానికి, ఖాతాలో ఎంత ఉందో చూసుకోవడానికి పిన్ కావాలి. పైసలు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. క్యూఆర్ స్కాన్ చేయడం కూడా ఇచ్చేవాళ్ల పనే, పుచ్చుకునేవాళ్ల పని కాదు. కూరగాయల బండి దగ్గర ఎవరు స్కాన్ చేస్తారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎవరైనా "ఈ క్యూఆర్ స్కాన్ చేయండి, మీకు పైసలు వస్తాయి" అన్నారంటే ఇంకో ప్రశ్న వేయాల్సిన పని లేదు, ఫోన్ పెట్టేయండి.

కొత్త సంగతులు రెండు మూడు ఉన్నాయి. ఇదివరకు ఎవరైనా "నాకు ఇంత పంపు" అని మీ యాప్‌కు రిక్వెస్ట్ పంపేవాళ్లు, మనం అది పైసలు వచ్చే మెసేజ్ అనుకుని పిన్ కొట్టేవాళ్లం. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఒక మనిషి ఇంకో మనిషికి అలా రిక్వెస్ట్ పంపడాన్ని ఆపించింది. కొన్ని వ్యాపార ఖాతాల నుంచి రిక్వెస్టులు ఇంకా రావచ్చు. లింకులు, క్యూఆర్‌లు ఎలాగూ ఉన్నాయి. కాబట్టి దారి సన్నబడింది గానీ మూతపడలేదు. రెండోది, కొన్ని యాప్‌లలో ఇప్పుడు పిన్‌కు బదులు వేలిముద్రతోనో ముఖం చూపించో పైసలు పంపవచ్చు. "పిన్ అడగలేదు కదా టీచర్" అని ఒక అమ్మ అన్నది. వేలు పెట్టడం కూడా సంతకమే. యూపీఐ లైట్ పెట్టుకున్నవాళ్లకైతే 1,000 రూపాయల లోపు పిన్ లేకుండానే పోతాయి. అందులో ఒకేసారి 5,000 కంటే ఎక్కువ ఉంచలేరు. పెద్దవాళ్ల ఫోన్‌లో అసలు పెట్టకపోతే ఇంకా మేలు.

పిల్లలూ, ఈ మాటలు మీ నాయనమ్మలకు, అమ్మమ్మలకు నేర్పండి. స్క్రీన్ మీద 'పే' అని ఉంటే మనం ఇస్తున్నాం. 'సెండ్' అన్నా అంతే. 'అప్రూవ్' అంటే ఇయ్యడానికి ఒప్పుకుంటున్నాం. బ్యాంకు మెసేజ్‌లో 'డెబిటెడ్' అంటే పోయాయి, 'క్రెడిటెడ్' అంటే వచ్చాయి. మరాఠీలో వస్తే 'జమా' అంటే వచ్చాయి, 'వజా' అంటే పోయాయి. ఈ యాప్‌లు చాలావరకు తెలుగులోకి మార్చుకోవచ్చు. కానీ మన ఆడవాళ్లలో చాలామంది మరాఠీ బడిలో చదివారు, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. వాళ్ల ఫోన్‌ను మరాఠీలోనే ఉంచండి. ఏ అక్షరాలు చదవగలరో ఆ అక్షరాలే ఉండాలి.

ఓటీపీ మెసేజ్‌ను మనం అంకెల కోసమే చూస్తాం. ఆ అంకెల పక్కనే అది దేనికోసమో, ఎంత మొత్తానికో రాసి ఉంటుంది. ముందు అది చదవండి. ఫోన్‌లో మాట్లాడుతున్నవాళ్లు "మీ కార్డు క్యాన్సిల్ చేయడానికి" అంటారు. మెసేజ్‌లో 18,000 రూపాయల కొనుగోలుకు అని ఉంటుంది.

టవళ్ల ఆర్డరు

మన దగ్గర ఎన్నో ఇళ్లలో వాట్సాప్ మీద టవళ్లు, చద్దర్లు అమ్ముతున్నారు. ఫోటోలు పెడతారు, ఆర్డరు వస్తే పార్సిల్ పంపుతారు. వీళ్లను పట్టుకునే మోసం ఒకటుంది, దేశమంతా తిరుగుతున్నదే.

"నేను మిలిటరీ ఆఫీసర్‌ని, మా క్యాంపుకు 200 టవళ్లు కావాలి" అని కాల్ వస్తుంది. బేరం చేయడు, రేటు అడిగి సరే అంటాడు. నమ్మకానికి యూనిఫాంలో ఉన్న ఫోటో, ఐడీ కార్డు, క్యాంటీన్ కార్డు పంపుతాడు. అవన్నీ ఎవరివో దొంగిలించినవి. పేమెంటు దగ్గర తిరకాసు మొదలవుతుంది. "మా ఆర్మీ ఖాతా పద్ధతి వేరే. ముందు మీరు 1 రూపాయి పంపండి, 2 తిరిగి వస్తాయి" అంటాడు. పంపితే నిజంగానే 2 వస్తాయి. ఆ ఒక్క రూపాయి లాభం దగ్గరే మనిషి పడిపోతాడు. తర్వాత "ఇప్పుడు 20,000 పంపండి, 40,000 వస్తాయి, అందులోనే టవళ్ల పైసలు పట్టుకోండి" అంటాడు. ఏ సైన్యం ఖాతాకూ అమ్మేవాళ్లు ముందు పైసలు పంపే పద్ధతి లేదు. కొనేవాడు అమ్మేవాడి దగ్గర పైసలు అడిగితే వాడు కొనేవాడు కాదు. బేరం చేయకుండా 200 టవళ్లు కొనేవాళ్లు ఉంటారా అని మన సేట్లను అడిగి చూడండి, నవ్వుతారు.

దీనికి చుట్టం లాంటిది "పొరపాటున మీకు పంపాను" అనే మోసం. మీ ఖాతాలో 5,000 జమ అయినట్టు మెసేజ్ వస్తుంది, వెంటనే ఏడుపు గొంతుతో కాల్ వస్తుంది, "అక్కా, ఆస్పత్రికి కట్టాల్సినవి, తిరిగి పంపండి" అని. ఆ మెసేజ్ బ్యాంకుది కాదు, ఎవరో టైపు చేసి పంపింది. బ్యాంకుల మెసేజ్‌లు పది అంకెల మొబైల్ నంబరు నుంచి రావు, అక్షరాల పేరుతో వస్తాయి. 2025 నుంచి ఆ పేరు చివర ఇంకో అక్షరం కూడా ఉంటున్నది: ప్రచారానికైతే పీ, సేవకైతే ఎస్, లావాదేవీకైతే టీ, ప్రభుత్వానిదైతే జీ. అయినా మెసేజ్‌ను నమ్మకండి, యాప్ తెరిచి ఖాతాలో ఎంత ఉందో చూడండి. నిజంగానే వచ్చి ఉంటే మీరు తిరిగి పంపకుండా, "మీ బ్యాంకులో చెప్పుకోండి, వాళ్లే వెనక్కి తీసుకుంటారు" అనండి. మీ బ్యాంకుకూ చెప్పండి. దుకాణం ఉన్నవాళ్లు గిరాకీ చూపించే స్క్రీన్‌షాట్ చూసి సరుకు ఇవ్వొద్దు. అచ్చం అలాగే కనిపించే స్క్రీన్ తయారుచేసే దొంగ యాప్‌లు ఉన్నాయి. మీ క్యూఆర్ కాగితం మీద ఎవరైనా వేరే స్టిక్కర్ అంటించారేమో పొద్దున షట్టర్ తెరిచినప్పుడు ఒకసారి చూసుకోండి.

సర్కారు పథకాల పేరుతో

స్కాలర్‌షిప్ సంగతికి మళ్లీ వద్దాం. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే సాయం నిజంగానే ఉంది. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో చేయాలి, దానికి ఒక్క పైసా కట్టక్కర్లేదు. మంజూరైతే నేరుగా ఖాతాలో పడుతుంది, ఎవరూ ఫోన్ చేసి పిన్ కొట్టించరు. ఎనిమిదో తరగతికి వచ్చేది ఏడాదికి 1,500 రూపాయలు. ఆ అబ్బాయికి వాడు 3,000 అన్నాడు. పిల్లల పేర్లు, తరగతులు మోసగాళ్లకు ఎలా తెలుస్తాయంటే, ఫలితాల లిస్టులు, బహుమతుల ఫోటోలు, ఫారాల జిరాక్సులు మనమే నలుగురికీ పంపుతుంటాం. పేరు చెప్పినంత మాత్రాన సర్కారు మనిషి కాదు.

'మాఝీ లాడకీ బహీణ్' పథకం కింద నెలకు 1,500 తీసుకునే అక్కచెల్లెళ్లు మన వీధుల్లో ఎందరో ఉన్నారు. దానికి ఈ-కేవైసీ అడిగినప్పటి నుంచి అదే పేరుతో దొంగ వెబ్‌సైట్లు, "ఈ లింకులో చేయకపోతే పైసలు ఆగిపోతాయి" అనే మెసేజ్‌లు కూడా మొదలయ్యాయి. ఇక్కడ చిక్కేమిటంటే, అసలు ఈ-కేవైసీలో కూడా ఆధార్ ఓటీపీ వేయాలి. అందుకే జనం పొరబడుతున్నారు. తేడా ఇది: అసలుదాంట్లో ఓటీపీని మీరే, మీ కళ్ల ముందు, సర్కారు వెబ్‌సైట్‌లో వేస్తారు. ఫోన్‌లో ఇంకొకరికి చదివి వినిపించరు. వెబ్‌సైట్ సర్కారుదేనా అని చూడటానికి పైన అడ్రసులో మొదటి అడ్డగీత దాకా చదవండి. ఆ గీతకు ముందు చివరి ముక్క 'జీఓవీ డాట్ ఇన్' అయి ఉండాలి. మధ్యలో ఎక్కడో ఆ మాట ఉండి చివర ఇంకేదో ఉంటే అది దొంగది. బ్యాంకుల వెబ్‌సైట్లు కూడా రిజర్వు బ్యాంకు ఆదేశం మీద ఇప్పుడు 'బ్యాంక్ డాట్ ఇన్'తో ముగుస్తున్నాయి.

"ఈ రాత్రి తొమ్మిదిన్నరకు మీ లైట్ కట్ చేస్తాం" అని మహావితరణ్ పేరుతో వచ్చే మెసేజ్ అందరూ చూసే ఉంటారు. బిల్లు కాగితం మీద ఉన్న వినియోగదారు నంబరుతో వాళ్ల యాప్‌లోనే బాకీ చూసుకోండి. మెసేజ్‌లో ఉన్న మొబైల్ నంబరుకు చేయకండి.

గూగుల్‌లో "కస్టమర్ కేర్ నంబర్" అని వెతికి చేయడం కూడా ప్రమాదమే, దొంగలు అక్కడా తమ నంబర్లు పెట్టుకుంటారు. బ్యాంకు నంబరు ఏటీఎం కార్డు వెనుక, పాస్‌బుక్ మీద ఉంటుంది.

పెళ్లి పత్రిక తెరిచారా

వాట్సాప్‌లో పెళ్లి పత్రిక వస్తుంది. బండి చలానా వస్తుంది. ఫైలు పేరు చివర 'ఏపీకే' అని ఉంటుంది. అది పత్రిక కాదు, యాప్. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే మీ మెసేజ్‌లన్నీ, ఓటీపీలతో సహా, అవతలివాడికి పోతాయి. తర్వాత మీ ఫోన్ నుంచే మీ బంధువులందరికీ అదే పత్రిక పోతుంది. మన పద్మశాలి చుట్టరికాల గ్రూపులు షోలాపూర్ నుంచి కరీంనగర్, వరంగల్, భివండీ, సూరత్ దాకా అల్లుకుని ఉన్నాయి. ఒక ఫోన్ చెడితే ఎంతమందికి పోతుందో మీరే లెక్కేసుకోండి. పెళ్లి పత్రిక అయితే ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. యాప్‌గా రాదు. పొరపాటున నొక్కి ఉంటే వెంటనే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆపండి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేశాకే మళ్లీ వాడండి.

స్క్రీన్ చూపించమని, ఎనీడెస్క్ లాంటి యాప్ వేసుకోమని ఎవరు అడిగినా అదే జవాబు: వద్దు. స్టార్ గుర్తుతో మొదలయ్యే నంబరు ఏదైనా కొట్టమంటే మీకు వచ్చే కాల్స్ వాడికి మళ్లవచ్చు. కొట్టేసి ఉంటే ##002# కొట్టండి, అన్నీ రద్దవుతాయి.

వేలిముద్ర మీద పైసలు తీసుకునే పెద్దవాళ్లు ప్రతిసారీ రసీదు అడగాలి. "వేలు సరిగా పడలేదు, మళ్లీ పెట్టండి" అన్నప్పుడు మొదటిది నిజంగా ఫెయిల్ అయిందా అని మెసేజ్ చూడాలి.

"మీ అబ్బాయిని పట్టుకున్నాం"

ఈ కాల్ బడిగంటలలోనే వస్తుంది, అప్పుడే పిల్లవాడు తల్లిదండ్రుల కళ్ల ముందు ఉండడు. నంబరు చాలాసార్లు +92 లాంటి విదేశీ కోడ్‌తో, వాట్సాప్‌లో ఉంటుంది. డీపీలో పోలీసు ఫోటో. హిందీలో గద్దిస్తాడు, "మీ అబ్బాయి స్నేహితులతో కలిసి కేసులో దొరికాడు, మీడియా వచ్చేలోపు 50,000 పంపితే వదిలేస్తాం" అని. వెనుక ఒక పిల్లవాడి ఏడుపు వినిపిస్తుంది. ఏడుపు ఎవరిదైనా ఒక్కలాగే ఉంటుంది. ఏ తల్లికైనా తన బిడ్డదే అనిపిస్తుంది.

కాల్ కట్ చేయండి. డైరీ మొదటి పేజీలో ఉన్న బడి నంబరుకు చేయండి. ఏ క్లాసు నడుస్తున్నా సరే, వెళ్లి పిల్లవాణ్ణి చూసి వచ్చి మీతో మాట్లాడిస్తాం. ఇది మాకు ఇబ్బంది కాదు.

ఇదే మోసం పెద్దది చేస్తే 'డిజిటల్ అరెస్ట్' అవుతుంది. ముంబయి పోలీసులమనీ, సీబీఐ అనీ, మీ ఆధార్‌తో డ్రగ్స్ పార్సిల్ దొరికిందనీ చెప్పి వీడియో కాల్‌లోనే గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి కూర్చోబెడతారు. ఎవరితో మాట్లాడొద్దంటారు. పైసలన్నీ "తనిఖీ కోసం" వాళ్ల ఖాతాకు పంపమంటారు. డిజిటల్ అరెస్ట్ అనేది మన దేశ చట్టంలో ఎక్కడా లేదు. ఈ మాట ప్రధానమంత్రి కూడా 2024 అక్టోబర్ 27న మన్ కీ బాత్‌లో చెప్పారు. పోలీసులకు నిజంగా మీతో పని ఉంటే మనిషి వస్తాడు, కాగితం వస్తుంది. చదువుకున్నవాళ్లు, రిటైరైన ఆఫీసర్లు కూడా ఇందులో చిక్కారు కాబట్టి, చిక్కినవాళ్లను తెలివితక్కువ అనడం మానేద్దాం.

కాలేజీకి వెళ్లే అన్నలకు

"నీ ఖాతా ఒక నెల వాడుకోనియ్, 2,000 ఇస్తా. ఏటీఎం కార్డు, సిమ్ ఇస్తే చాలు." పదో తరగతి దాటిన పిల్లల చుట్టూ ఇలాంటివాళ్లు తిరుగుతున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ దొరుకుతారు. నాయనమ్మ పోగొట్టుకున్న 9,000 మొదట చేరేది ఇలాంటి ఖాతాలోకే. అసలు దొంగ పేరు ఎక్కడా ఉండదు. ఖాతా ఎవరి పేరు మీద ఉందో పోలీసులు ముందు వాళ్ల ఇంటికే వస్తారు. ఖాతా ఫ్రీజ్ అవుతుంది, కేసు అవుతుంది, ఉద్యోగానికి పోలీస్ వెరిఫికేషన్ వచ్చినప్పుడు అది బయటపడుతుంది. "నాకు తెలియదు, స్నేహితుడు అడిగాడు" అంటే కేసు మాసిపోదు. ఖాతా అద్దెకిచ్చే వస్తువు కాదు.

పోయాక ఏం చేయాలి

ముందు 1930. కేంద్ర హోం శాఖ కింద నడిచే ఈ సహాయ నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది. మహారాష్ట్ర నుంచి చేస్తే మరాఠీలోనో హిందీలోనో మాట్లాడవచ్చు. "మాఝ్యా ఖాత్యాతూన్ పైసే గేలే, ఫసవణూక్ ఝాలీ ఆహే" అంటే చాలు, తర్వాత వాళ్లే అడుగుతారు. మీ పేరు, మొబైల్ నంబరు, బ్యాంకు పేరు, ఖాతా నంబరు, ఎంత పోయింది, ఎప్పుడు పోయింది, లావాదేవీ నంబరు. ఈ చివరిది యాప్‌లో ఆ పేమెంటు మీద నొక్కితే 12 అంకెలుగా కనిపిస్తుంది, యూటీఆర్ అంటారు. కాల్ చేసేముందే కాగితం మీద రాసుకుంటే తడబడరు. లైన్ దొరక్కపోతే మళ్లీ మళ్లీ చేయండి. ఆలోపు ఇంట్లో ఇంకొకరు 'సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్' వెబ్‌సైట్‌లో ఫిర్యాదు రాయవచ్చు.

ఎందుకింత తొందర అంటే, 1930లో ఫిర్యాదు నమోదవగానే మీ పైసలు ఏ బ్యాంకుకు పోయాయో ఆ బ్యాంకుకు కబురు వెళ్తుంది. పైసలు ఇంకా ఆ ఖాతాలో ఉంటే అక్కడే ఆపేస్తారు. ఇంకో ఖాతాకు దాటి ఉంటే అక్కడికి వెంటపడతారు. ఏటీఎంలోంచి నోట్లుగా బయటికొచ్చాక వెంటపడేందుకు ఏమీ ఉండదు. దొంగ కూడా నిమిషాలే లెక్కపెట్టుకుంటాడు. మొదటి గంటలో చేసిన కాల్‌కు, మూడో రోజు చేసిన కాల్‌కు తేడా అదే. ఆ అబ్బాయి ఆదివారమే చెప్పి ఉంటే 9,000 మొత్తం దక్కేదని మేం అనలేం. కానీ మూడో పిన్ కొట్టిన 3,000 అయినా దొరికే ఆశ ఉండేది.

1930 తర్వాత బ్యాంకు. కార్డు, యూపీఐ ఆపించండి. ఫిర్యాదు నంబరు తప్పక తీసుకోండి, నోటి మాటతో వెనక్కి రావొద్దు. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో పెట్టిన నియమం ప్రకారం, మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా బయటివాళ్లు మీ ఖాతాలోంచి పైసలు తీస్తే, బ్యాంకు కబురు అందిన మూడు పనిదినాల లోపు మీరు చెబితే నష్టం మీది కాదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే కొంత మీ మీద పడుతుంది. మీరే పిన్, ఓటీపీ ఇచ్చి ఉంటే బ్యాంకుకు చెప్పేదాకా పోయినది మీ నష్టమే, చెప్పిన తర్వాత పోయినది బ్యాంకుది. అంటే ఏ లెక్కన చూసినా ముందు చెప్పినవాళ్లకే మేలు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి ఫీజు లేదు. వివరాలకు 14448.

మెసేజ్‌లు, వాట్సాప్ మాటలు, కాల్ లిస్టు ఏవీ తుడిచేయకండి. సిగ్గుతో తుడిచేసినవాళ్లు చాలామంది ఉన్నారు, ఆధారం దానితోనే పోయింది. స్క్రీన్‌షాట్లు తీసి పెట్టండి.

కొన్నాళ్లకు ఇంకో కాల్ రావచ్చు: "మీ పోయిన పైసలు రికవరీ అయ్యాయి, 2,000 ఫీజు కడితే విడుదల చేస్తాం." అది పాత దొంగే, లేదా వాడి దగ్గర మీ నంబరు కొన్న కొత్త దొంగ. ఆపిన పైసలు తిరిగి రావడం పోలీసులు, కోర్టు, బ్యాంకు ద్వారా జరుగుతుంది. దానికి ఎవరికీ ఫోన్‌లో ఫీజు కట్టరు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఇంట్లో ఈ రోజే, ఏమీ జరగకముందే, పిల్లల ముందు ఈ మాట అనండి: "ఫోన్‌లో పైసలు పోతే వెంటనే చెప్పు, నిన్ను కొట్టను, తిట్టను." పెద్దవాళ్లకు కూడా ఇదే మాట చెప్పాలి. కొడుకు, కోడలు ఏమంటారో అని దాచుకునే అత్తమ్మలు మన ఇళ్లలో తక్కువేం లేరు. పెద్దవాళ్ల పేరు మీద రోజువారీ ఖర్చుకు చిన్న ఖాతా ఒకటి వేరుగా పెట్టి, ఫోన్‌కు దాన్నే కలపండి. పింఛను, పొదుపు ఉన్న ఖాతాను ఫోన్‌కు కలపకండి. ఆ అబ్బాయి ఇంట్లో ఇప్పుడు అలాగే చేశారు. నాయనమ్మ ఫోన్ వెనుక కవర్‌లో 1930 అని రాసిన చీటీ పెట్టింది కూడా వాడే.

మన బడి గురించి కూడా తెలుసుకోండి. ఏ టీచరూ, ఏ సిబ్బందీ తమ సొంత నంబరుకు ఫీజు, ట్రిప్పు పైసలు, పరీక్ష పైసలు పంపమని అడగరు. వాట్సాప్ గ్రూపులో కొత్త క్యూఆర్ కనిపిస్తే, అది హెడ్మాస్టర్ పేరుతో వచ్చినా సరే, ఆఫీసుకు ఫోన్ చేసి అడిగాకే కట్టండి. కట్టిన ప్రతిదానికీ రసీదు తీసుకోండి.

ఈ శనివారం బడి విడిచాక కంప్యూటర్ గదిలో ఇద్దరు టీచర్లు కూర్చుంటారు. పెద్దవాళ్ల ఫోన్ తీసుకురండి. తెలియని యాప్‌లు తీసేయడం, భాష మార్చడం, వాళ్ల పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీలో చూడటం చేసి పంపుతాం. పిన్ మాత్రం మాకు చెప్పొద్దు. అడిగినా చెప్పొద్దు.